తిమ్మమ్మ వేలిముద్ర

మా అమ్మ బొటనవేలికి గీతలు లేవు. అరిగిపోయాయి. యాభై ఏళ్ళు శెనక్కాయలు ఒలిచిన వేలు అది. మిషన్‌లో ఆడించిన పప్పు విత్తనానికి పనికిరాదు. పొర గీసుకుపోతుంది, నేలలో పడితే మొలవకుండా కుళ్ళిపోతుంది. చేత్తో ఒలిచిందే విత్తనం. కాయ మూతిని వేలితో నొక్కితే టప్పుమని విచ్చుకోవాలి, లోపలి పప్పు ఎర్రపొర చెదరకుండా జారాలి. ఎండాకాలమంతా మా పల్లెలో ఆడవాళ్ళకు అదే పని. తిమ్మమ్మ ఒలిచిన విత్తనంలో ఒక్క పగిలిన బద్ద కూడా కనబడదని బత్తలపల్లె దాకా పేరు. ఆ పేరు కింద వేలు ఖర్చయిపోయిందని మాకెవరికీ తట్టలేదు, పోయిన ముంగారు వానల దాకా.

మాది నాలుగెకరాల మెట్ట. నాయన పోయాక పాసుపుస్తకం అమ్మ పేరుకు మార్పించాము. సేద్యం చేసేది నేను. అప్పటికి మూడేళ్ళుగా పంట సరిగా ఇంటికి రాలేదు. ఒక ఏడు వానే లేదు. ఒక ఏడు కాయ పట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళకు నేల రాయి అయింది. ఇంకొక ఏడు కాయలతో పీకి ఆరబెట్టిన కట్టె మీద వారం రోజులు కురిసింది. ఇక విత్తనకాయలు కొనాలంటే ప్రభుత్వం వేసే రైతు సాయం ఒక్కటే దిక్కు. ఆ డబ్బు అమ్మ ఖాతాలో పడాలంటే ఈసారి అమ్మ వేలు మిషన్ మీద పడాలి. ఫోనుకు వచ్చే నంబరుతో పని జరగదన్నారు.

రైతు సేవా కేంద్రం మా ఊరి బడి పక్క గది. అందులో జయంతి అని వ్యవసాయ సహాయకురాలు. హిందూపురం వైపు పిల్ల. అందరినీ అన్నా, అక్కా, అవ్వా అని వరసపెట్టి పిలుస్తుంది.

"అవ్వా, ఇంకొంచెం గట్టిగా పెట్టు."

"గట్టిగానే పెడతాండా కదమ్మా. ఇంకా గట్టిగా పెడితే మీ డబ్బీ పగిలిపోతుంది."

వరసలో నవ్వారు. మిషన్ మీద ఎర్రలైటు వెలిగింది. పది వేళ్ళూ పెట్టించింది జయంతి. పదిసార్లూ ఎర్రలైటే. ఫోను పైకెత్తి ముఖంతో కూడా చూసింది. ఆధార్ కార్డు మీది ఫోటో పదమూడేళ్ళ కిందటిది. ఆ తర్వాత అమ్మకు కళ్ళ ఆపరేషన్ అయింది, పళ్ళన్నీ ఊడాయి. ముఖం కూడా కుదరలేదు.

వెనక బుడేన్ సాబ్ నిలబడి ఉన్నాడు. ఊరిలో ఇళ్ళకు సున్నం కొట్టేది ఆయనే. రెండెకరాలు ఉంది.

"తిమ్మక్కా, దేవుడు నీకూ నాకూ వేళ్ళిచ్చి గీతలు మర్చిపోయినాడు."

"నీకిచ్చినాడులే బుడేనూ. నువ్వే సున్నంలో కలిపి ఊరి గోడలకంతా కొట్టినావు."

ఈసారి జయంతి కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"పింఛన్ ఎట్ల తీసుకుంటాండారన్నా మరి?" అని అడిగింది నన్ను.

"వేళ్ళు పడని ముసలోళ్ళకంతా సెక్రటరీ తన వేలు పెట్టి ఇస్తాండాడు."

"దీనికి ఆ దారి లేదన్నా. జూన్ ఇరవైలోగా పడాల. పడకపోతే ఈ విడత జాబితాలో అవ్వ పేరుండదు."

ఇంకా పదకొండు రోజులుంది.

ఆ రోజుల్లో మా ఇంట్లో అమ్మ వేలే లోకం. నా భార్య సాకమ్మ పొద్దున కలబంద గుజ్జు రాసేది, సాయంత్రం కొబ్బరినూనె. చింతపండు నీళ్ళలో నానబెడితే గీతలు లేస్తాయని బుడేన్ సాబ్ చెబితే అదీ చేశాము. ఒలుపు పని పూర్తిగా మాన్పించాము. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా అరుగు మీదే కాయలు పోసుకుని ఒలుస్తుంటే అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చునేది.

"చేతులు కట్టేసినట్టుండాదిరా," అంది ఒకరోజు. "ఆ పిల్ల చూడు, కాయను కొరుకుతాండాది. విత్తనమట. మొలుస్తుందా అది?"

అప్పుడే మా చెల్లెలు చౌడేశ్వరి వచ్చింది. నాకన్నా పదేళ్ళు చిన్నది. కొత్తచెరువు దగ్గర పల్లెకు ఇచ్చాము. మొగుడు రామదాసు బోర్లు వేసే బండి మీద కూలికి పోయి రెండేళ్ళ కిందట గొట్టం మీద పడి పోయాడు. తొమ్మిదేళ్ళ కూతురు ఉంది. రామదాసు పేరున రెండెకరాలు ఉంది. అది చౌడేశ్వరి పేరుకు మారాలి. మారలేదు. వితంతు పింఛను రావాలి. రాలేదు. ఉపాధి పనికి కార్డు కావాలి. అదీ లేదు. అన్నింటికీ ఒకటే కారణం. ఆమెకు ఆధార్ నంబరు లేదు.

చేయించుకోలేదని కాదు. పెళ్ళయినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంది. వేళ్ళు పెట్టిస్తారు, కళ్ళు చూపిస్తారు, చీటీ ఇస్తారు. నెల దాటాక ఫోనులో ఇంగ్లీషు ముక్క ఒకటి వస్తుంది. వాపసు అయిందని సెంటరువాడు చెబుతాడు, మళ్ళీ చేయించుకోమంటాడు. ఎందుకు వాపసో ఎవరూ చెప్పలేదు. 'నంబరు లేని మనిషి' అని అత్తగారి ఊరిలో పేరు పెట్టారు. నేనూ మనసులో ఒకటి అనుకునేవాణ్ణి. ఈమెకే ఆఫీసులో నిలబడి నాలుగు మాటలు మాట్లాడటం రాదు అని.

"అన్నా, ఒగసారి నువ్వొచ్చి అడుగు. రెండెకరాలూ బావే దున్నుకుంటాండాడు. ఇంకా ఇట్లే ఉంటే ఆయన పేరుకే రాయించుకుంటాడు," అంది. బావంటే రామదాసు అన్న శ్రీరంగప్ప.

"విత్తనం పడనీమే. వస్తా."

"పోయినేడు గూడా ఇదే చెప్పినావు."

"పోయినేడు గూడా వాన రాలే కదమే."

ఆమె లేచింది. కొడవలి తీసుకుని ఎనుముకు కసువు కోసుకురావడానికి పోయింది. వచ్చిన ప్రతిసారీ అంతే, ఊరికే కూర్చోదు.

పదిహేడో తారీకు మధ్యాహ్నం వాన పడింది. మంచి వాన. గట్టు తెగేటంత కాదు, నేల మూరెడు లోతు తడిసేటంత. మెట్ట సేద్యానికి ఆ పదునే ప్రాణం. ఎండ కాస్తే నాలుగు రోజులు ఉంటుంది, గాలి తోలితే మూడు రోజులే. ఊరిలో అందరూ విత్తే గొర్రులు బయటికి తీశారు. మా ఇంట్లో గొర్రు ఉంది, ఎద్దులు ఉన్నాయి, విత్తనం లేదు. ఆ వాన నాకు అందదని తెలుసు. తర్వాత వానకైనా గింజ చేతిలో ఉండాలంటే వేలు పడాలి.

పంతొమ్మిదో తారీకు అమ్మను మళ్ళీ తీసుకుపోయాను. తడినేల జారుతుందని చౌడేశ్వరి అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. గది నిండా మనుషులు. చెమట, తడి మట్టి కలిసిన వాసన.

అమ్మ కూర్చుంది. బొటనవేలు కొంగుకు తుడుచుకుని పెట్టింది. ఎర్రలైటు. చూపుడువేలు. ఎర్రలైటు.

"అవ్వా, అట్ల రుద్దొద్దు, కదలకుండా పెట్టాల," అంది జయంతి.

"రుద్దలేదమ్మా, అదే వణుకుతాండాది."

"నల్లిని నలిపినట్టు పెడతాండావు తిమ్మక్కా," అన్నాడు బుడేన్ సాబ్. ఆయనకు కిందటి రోజే పడింది, ఎడమచేతి ఉంగరపు వేలు. ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు.

చౌడేశ్వరి పక్కనే వంగి నిలబడి ఉంది. "ఇట్ల కాదుమా. ఇట్ల పెట్టాల, మెల్లగా, వేలంతా ఆనించి," అని అమ్మ వేలు పక్కకు జరిపి తన బొటనవేలు అద్దం మీద పెట్టి చూపించింది.

పచ్చలైటు వెలిగింది.

కంప్యూటర్ టింగుమంది. జయంతి తెర వైపు చూస్తూ ఉంది కాబట్టి ఎవరి వేలో చూడలేదు.

"పడింది! అవ్వా, పడింది! తిమ్మమ్మ, నాలుగెకరాలు, సరిపోయింది!"

వెనక జనం హో అన్నారు. "ముసల్ది గెలిచిందిరోయ్," అని ఎవరో అరిచారు. బుడేన్ సాబ్ నా వీపు మీద చరిచాడు. అబద్ధం చెప్పను, నాకూ సంతోషమయింది. ఒక ఊపిరి తీసి వదిలేటంతసేపు. విత్తనకాయల బస్తా కళ్ళ ముందు నిలబడింది.

తర్వాత చెల్లెలి ముఖం చూశాను.

ఆమె వేలు ఇంకా అద్దం మీదే ఉంది. తీయడం మర్చిపోయింది. తెర వైపు చూడటం లేదు, అమ్మ వైపు చూడటం లేదు. ఆ వేలును చూస్తోంది. జయంతి తల తిప్పింది. అద్దం మీద ముడతలు లేని చెయ్యి. అమ్మ చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

"అక్కా," అంది జయంతి, గొంతు తగ్గించి. "ఇంగోసారి పెట్టు."

పెట్టింది. పచ్చలైటు. తిమ్మమ్మ, నాలుగెకరాలు.

 నాకు అంతా గుర్తొచ్చింది. ఎవరూ చెప్పనక్కరలేకుండానే.

పదమూడేళ్ళ కిందట ఇదే బడి వరండాలో ఆధార్ క్యాంపు పెట్టారు. అదీ విత్తనం రోజే. రాత్రి వాన పడింది, పదును ఆరుతోంది, బాడుగ ఎద్దులు చేను గట్టున నిలబడి ఉన్నాయి. అమ్మనూ చౌడేశ్వరినీ తీసుకుని వచ్చాను. అమ్మ ముఖం ఫోటో తీశారు. వేళ్ళు పడలేదు. ఎండాకాలమంతా కాయలు ఒలిచి అప్పుడే వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. కళ్ళకు పొరలు, కంటి డబ్బాలోనూ పడలేదు. "ఈమెది పడదు, లేయండి," అన్నాడు ఆ క్యాంపువాడు. వాడెవరో ఎక్కడివాడో తెలియదు.

మా పల్లెలో ఒక వాడుక ఉండేది. ప్రభుత్వం పని ఏదొచ్చినా ఇంటికొక చెయ్యి. చౌకబియ్యానికి, కరువు పని మస్టరుకు, బ్యాంకు కాగితానికి, ఇంట్లో ఎవరికి తీరిక ఉంటే వాళ్ళు పోయి ఇంటి తరఫున వేలు వేసి వచ్చేవాళ్ళు. ఎవరి పేరుకు ఎవరి వేలు అని ఎవరూ అడిగింది లేదు. ఇంటి మనిషి అయితే చాలు.

"ఇంట్లో ఇంకొకరివి పెడితే అవుతుందా సామీ?" అని అడిగాను నేను. వాడు వరస వైపు చూస్తున్నాడు. "బిరీన కానీ," అన్నాడు. అంతే. నేను చౌడేశ్వరి మణికట్టు పట్టుకుని ఆ అద్దం మీద పెట్టించాను. పది వేళ్ళూ పడ్డాయి. కంటి డబ్బాలోకీ ఆమే చూసింది. అప్పుడామెకు పదిహేడేళ్ళు. "మరి నాది?" అని అడిగింది. "నీది మల్ల చూద్దాంలేమే, పదును పోతాండాది," అని ఇద్దరినీ చేనికి తోలుకుపోయాను.

ఆ ఏడు పంట కూడా రాలేదు.

మనుషులు తగ్గేదాకా జయంతి మమ్మల్ని కూర్చోబెట్టింది. తర్వాత అమ్మను బయట అరుగు మీదికి పంపి, తలుపు దగ్గరకు వేసి వచ్చింది.

"అన్నా, ఇదేందో తెలిసిందా నీకు?"

"తెలిసింది."

"అక్కది ఎన్నిసార్లు చేసినా వాపసొచ్చేది ఇందుకే. ఈ వేళ్ళు, ఈ కళ్ళు ముందే లోపల ఉండాయి, అవ్వ పేరు మీద. మిషన్‌కు ఈమె కొత్త మనిషి కాదు. ఈమెనే తిమ్మమ్మ అనుకుంటాండాది."

"చెప్తే ఏమైతుంది?"

"అవ్వ నంబరు ఆపేస్తారు. మల్ల కొత్తగా చేయించాల. వేళ్ళు పడని మనిషికి ఎన్ని నెలలు పడుతుందో నేను చెప్పలేను. అంతవరకూ సాయం రాదు, పింఛన్ రాదు. ఈ పొద్దు పడింది గూడా నేను కొట్టేయాల." జాబితా వైపు చూసింది. "చెప్పకపోతే, ఏముండాది, అక్క అప్పుడప్పుడు వచ్చి వేలేసి పోతే నడుస్తాది. నేను చూసినా కాబట్టి ఉండేది చెప్తాండా. మీ ఇంటి విషయం మీరు అనుకుని సందకాడ లోపల చెప్పండి. సందకాడ నేను జాబితా పంపాల."

దారిలో అమ్మ ముందు నడుస్తోంది, కర్ర ఊనుకుంటూ, తనకే పడిందని సంతోషంగా. ఎదురొచ్చిన ప్రతి మనిషికీ వేలు చూపిస్తోంది. చౌడేశ్వరి నా పక్కన నడుస్తోంది.

"ఏడుసార్లు పోయినానన్నా," అంది.

నేను అమ్మ వెనకే చూస్తూ నడిచాను.

"ఏడోసారి పోయినప్పుడు బస్సు ఛార్జీకి పాప కాలిపట్టీలు కుదవబెట్టినా."

అంతే. కొంగు సర్దుకుని అమ్మ పక్కకు నడిచింది.

ఇంట్లో సాకమ్మకు చెప్పాను. ఆమె ఎసరు దించి వచ్చి నిలబడింది. "ఈ విడత పడనీయ్యా. విత్తనమేసినాక చూసుకుందాం. ఇన్నేండ్లు ఆగింది, నెల ఆగలేదా?" అంది. అన్నాక చౌడేశ్వరి అక్కడే ఉన్నదని చూసి తల వంచుకుని లోపలికి పోయింది.

అమ్మకు నేనే చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అంటే నేను తింటాండేది దాని పేరు మీదనా?"

"పేరు నీదేమా. వేళ్ళు దానివి."

"మరి దాని పేరు యాడుండాది?"

"యాడా లేదు."

అమ్మ తన బొటనవేలిని కొంగుతో తుడుచుకుంది. తర్వాత ఆకాశం వైపు చూసింది. పడమట మళ్ళీ మబ్బు కడుతోంది. ఆమె కూడా సేద్యం మనిషే. ఆ మబ్బుకు విలువ ఎంతో నాకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. రేపే పోదాం పద అంటుందని నేను భయపడ్డాను. అనలేదు.

చౌడేశ్వరే తేల్చింది. "విత్తనమేసుకో అన్నా. వేసినాక రా." సంచి సర్దుకుని సాయంత్రం బస్సుకు పోయింది. నేను జయంతి దగ్గరకు పోలేదు. పోకపోవడమే జవాబు. ఆమె జాబితా పంపింది.

జూలై మొదటి వారంలో డబ్బు పడింది. విత్తనకాయలు కొన్నాను. అమ్మ మళ్ళీ ఒలవడానికి కూర్చుంది, ఇక ఆ వేలితో మిషన్‌కు పని లేదు కదా. మూడు రోజులకు రెండో వాన పడింది. గొర్రు కట్టాను. సాలు తిన్నగా పోతోంది, మట్టి నల్లగా విరుగుతోంది, గొర్రు మీది జడ్డిగం గిన్నెలో గింజ పోస్తూ సాకమ్మ వెనక నడుస్తోంది. మూడేళ్ళలో అంత మంచి పదును చూడలేదు. అయినా మధ్యాహ్నం సద్ది తింటుంటే చెల్లెలి పాప కాలిపట్టీలు గుర్తొచ్చాయి. విత్తనం అయిపోయాక పోదామనుకున్నాను. అయిపోయాక, సాళ్ళ మధ్య గుంటక తోలాక పోదామనుకున్నాను. గుంటక తోలాక, కలుపు.

జూలై నెలాఖరుకు చౌడేశ్వరి ఫోన్ చేసింది.

"అన్నా, బావ ఆఫీసులో అర్జీ పెట్టినాడంట. నోటీసు అంటించినారు. రామదాసు పోయినాడు, రెండెకరాలూ అన్నైన తన పేరుకు మార్చమని. అభ్యంతరం ఉండేవాళ్ళు పదైదు రోజుల్లో ఆధార్ తీసుకుని రావాలని రాసినారు."

"ఎప్పుడు అంటించినారు?"

"పది దినాలైందంట. నాకు ఈ పొద్దు తెలిసింది."

"భార్య ఉండాదని తెలీదా వాళ్ళకు?"

"ఎట్ల తెలుస్తుందన్నా? రేషన్ కార్డులో లేను, ఓటులో లేను. పెండ్లి గుడిలో చేసిరి." ఆమె గొంతులో ఏడుపు లేదు. దానికే నాకు భయం వేసింది. "నువ్వొచ్చే పని లేకపోతే చెప్పు. నేను ఒక్కదాన్నే పోతా."

కలుపు కత్తి అక్కడే సాలులో పెట్టేసి వచ్చాను. అమ్మ అరుగు మీద ఉంది. చెప్పేలోపే లేచింది. "చీర మార్చుకుంటా, ఉండు," అంది.

శుక్రవారం నాడు ముగ్గురమూ అనంతపురంలో ఆధార్ ఆఫీసుకు పోయాము. అక్కడ ఒక ఆఫీసరు, యాభై ఏళ్ళ మనిషి, ఓపికగా విన్నాడు. అమ్మ వేళ్ళు పెట్టించి చూశాడు. చెల్లెలివి పెట్టించి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇది రద్దు చేస్తే నీకు నంబరుండదు. కొత్తది ఎప్పుడొస్తుందో మాట ఇవ్వలేను. అప్పటిదాకా నీకు ఏ డబ్బూ రాదు. లెక్కలో నువ్వు లేనట్టే. అర్థమైందా?"

"నా బిడ్డ పదమూడేండ్లుగా లేదు కదప్పా. నేను లేకుంటే ఏమి?" అంది అమ్మ.

ఆయన కాగితం తీశాడు. "ఈమె వేళ్ళు పెట్టమని ఎవరు చెప్పారు? ఒక పేరు రాయాలి."

  నేను నోరు తెరిచేలోపే అమ్మ, "నేనే చెప్పినాను సామీ. బుద్ధి తక్కువై," అంది. ఆయన రాసుకున్నాడు. అమ్మ నా వైపు చూడలేదు. చౌడేశ్వరి చూసింది. నేను గోడ మీది కాలండరు చూశాను.

అమ్మ నంబరు రద్దుకు రాసి, చెల్లెలికి చీటీ ఇచ్చారు. నెలన్నర పడుతుందన్నారు.

నోటీసు గడువు సోమవారం. ఆ రోజు చౌడేశ్వరీ నేనూ వాళ్ళ మండలాఫీసులో తలుపు తీయకముందే నిలబడ్డాము. శ్రీరంగప్ప వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు, తెల్లచొక్కా, సంకలో కాగితాల సంచి. నన్ను చూసి "ఏం బామ్మర్దీ, ఇంతదూరం," అన్నాడు. తర్వాత చెల్లెలితో, "నేనేమన్నా నిన్ను తరిమేసినానామే? నంబరు తెచ్చుకో, నీ రెండెకరాలు నీకే ఇస్తా అని రెండేండ్లు చెప్పలేదా?" అన్నాడు. అదీ నిజమే. చెప్పాడు. రానిదాన్ని తెమ్మని చెప్పడం ఎంత సులువో ఆయనకు తెలుసు.

గుమాస్తా చీటీ చూసి వెనక్కి తోశాడు. "ఇది నంబరు కాదప్పా. చీటీ."

"నెలన్నరకు వస్తాది సార్," అన్నాను నేను.

"గడువు ఈ పొద్దే." మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇన్నేండ్లు ఎందుకు లేదో రాసియ్యి. రాసింది ఉంటే అభ్యంతరం కింద సార్ ముందర పెడతా. నోటి మాట పెట్టలేను."

నేను ఏడో తరగతి దాకా చదివాను. రాయడం వచ్చు గానీ అలవాటు లేదు. బెంచీ చివర కూర్చుని, సంచి తొడ మీద పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టి రాశాను. చెల్లెలి పేరు, మొగుడి పేరు, సర్వే నంబరు. పదమూడేళ్ళ కిందటి క్యాంపు. 'మా తల్లి తిమ్మమ్మ చెప్పగా నా చెల్లెలు తన వేళ్ళు పెట్టినది, ఆ కారణము చేత ఈమెకు నంబరు రాలేదు' అని రాసి సంతకం చేశాను. చౌడేశ్వరికి ఇచ్చాను.

ఆమె వరస కింద వేలు పెట్టుకుంటూ చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"అన్నా, అమ్మ చెప్పలే."

"మొన్న అమ్మ అట్లే రాయించింది కదమే. రెండు కాగితాలూ ఒకటే ఉండాల," అన్నాను, మెల్లగా.

"అమ్మకు ఆ పొద్దు కండ్లే కనపడవు. ఏ డబ్బా ముందర కూర్చున్నిందో గూడా తెలీదు. నా చెయ్యి పట్టుకున్నింది నువ్వు."

కోపంగా అనలేదు. బస్తా తూకం చెప్పినట్టు చెప్పింది. మెల్లగానూ అనలేదు. శ్రీరంగప్ప తల ఎత్తాడు. గుమాస్తా కలం ఆగింది.

కాగితం తీసుకున్నాను. 'మా తల్లి తిమ్మమ్మ చెప్పగా' అన్న మాటలు కొట్టేశాను. పైన ఖాళీలో, 'నేను, ఈమె అన్న ఓబులేషును, విత్తనము ఆలస్యమగునని ఈమె చెయ్యి పట్టి పెట్టించితిని. తల్లికి తెలియదు' అని రాశాను. చెల్లెలికి మళ్ళీ ఇచ్చాను. చదివి కింద సంతకం పెట్టింది. గుమాస్తా ఇంకు ప్యాడు తోస్తే "వేలొద్దు సార్," అంది.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మొదట పెదాలు కదుపుతూ చదివాడు, తర్వాత నన్ను చూశాడు.

"కొట్టేసిన చోట పక్కన పేరు రాయాల. లేకుంటే ఎవురు కొట్టినారో తెలీదు."

వంగి రాశాను. ఖాళీ చాలక అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"చదివేటట్టు రాయప్పా," అన్నాడు.

మళ్ళీ రాశాను.